భయానక కథ - శిరస్త్రాణము మొదలు తలుపు చప్పుడు వరకు

భరతముని నాట్యశాస్త్రమున భయానకరసమును వివరించుచు, దానికి స్థాయిభావము భయమని చెప్పి, ఆ భయమును పుట్టించు కారణములను వరుసగా లెక్కించెను. ఆ పట్టికలో మొట్టమొదట నిలిచినది భూతము కాదు, పిశాచము కాదు; వికృతమైన ధ్వని. భూతదర్శనము దాని తరువాతనే వచ్చును. పిదప నక్కల కూతలు, గుడ్లగూబల అరపులు, శూన్యగృహములు, అరణ్యములు చెప్పబడినవి. పట్టిక చివర మరియొక కారణము కలదు: తనవారి మరణమును గాని బంధనమును గాని కన్నులార చూచుట, చెవులార వినుట, ఇతరులు కథగా చెప్పగా ఆలకించుట. రూపము తెలియని ధ్వనితో ఆరంభమై, తనవారి మరణముతో ముగిసిన ఈ పట్టిక నాటకప్రయోక్తలకై వ్రాయబడినది. కాని భయానక కథ వ్రాయువారికి ఇంతకంటె సంగ్రహమైన పాఠము దొరకుట అరుదు.

ఐరోపాఖండమున భయానక కథ గద్యరూపమున ఒక ప్రత్యేక శాఖగా వెలసినది 18వ శతాబ్దమున. ఆ కథలను వ్రాసినవారు భరతుని చదివి వ్రాసినవారు కారు. అయినను 1764 మొదలు 1902 వరకు, అనగా 138 సంవత్సరముల కాలమున, ఆ శాఖ నడచిన త్రోవను పరికించినచో, అది భరతుని పట్టికలోని మొదటిమాటను, తుదిమాటను వెదకికొనుచు పోయినట్లు తోచును. ఆ త్రోవ తొలుత నున్నది కొండంత శిరస్త్రాణము. తుద నున్నది తలుపు తట్టిన చప్పుడు. భయపెట్టు వస్తువు చిన్నదైనకొలది భయము పెద్దదగుట ఎట్లు సంభవించెనో విచారింపదగియున్నది.

హోరేస్ వాల్‌పోల్ (1717-1797) ఇంగ్లండు ప్రధానమంత్రిగా నుండిన రాబర్ట్ వాల్‌పోల్ కుమారుడు. తానును పార్లమెంటు సభ్యుడు. 1764 జూన్ మాసారంభమున అతనికి ఒక కల వచ్చెను. ప్రాచీనమైన దుర్గము, అందు గొప్ప మెట్లవరుస, ఆ మెట్ల పైభాగమున కటకటాలపై ఉక్కు కవచము తొడిగిన బ్రహ్మాండమైన హస్తము. ఆనాటి సాయంకాలమే అతడు వ్రాయుటకు కూర్చుండెను. 'ఒట్రాంటో దుర్గము' అను ఆ నవల ఆ సంవత్సరము డిసెంబరులోనే వెలువడెను. కథారంభముననే మాన్‌ఫ్రెడ్ ప్రభువు కుమారుడు తన పెండ్లినాడు చచ్చిపోవును. ఆకాశమునుండి పడినట్లు ఒక శిరస్త్రాణము, మనుష్యుడు ధరించుదానికి నూరింతలు పెద్దది, నల్లని ఈకల తురాయితో వానిపై బడి నుజ్జు చేయును.

వాల్‌పోల్ మొదటి ముద్రణమున తన పేరు పెట్టలేదు. పురాతనమైన ఇటాలియను గ్రంథమునకు ఇది అనువాదమని ప్రకటించెను. 1765లో రెండవ ముద్రణమున గాని రచన తనదేయని ఒప్పుకొనలేదు. ఇది కేవలము సంకోచము కాదు. పాత గ్రంథమున దొరకినదన్నచో పాఠకుడు సగము నమ్మును. ఈ యుపాయమును తరువాతి కథకులు పెక్కుమంది చేపట్టిరి. ఇక శిరస్త్రాణము మాట. అది పడినప్పుడు పాఠకునికి ఆశ్చర్యము కలుగును. కాని పడిన పిదప ఆ శిరస్త్రాణమునుండి ఎదురుచూడవలసినది మిగులదు. ఆ కథను నడపునది వేరొకటి. అసలు యజమాని తన దుర్గమున పట్టనంతగా పెరిగిననాడు దుర్గము నేటి ప్రభువుల చేయి జారునని ఒక జోస్యము కలదు. దాని యర్థము ఎవ్వరికిని బోధపడదు. ఆ అర్థమెట్లు తీరునో యను ఆరాటమే పాఠకుని చివరి పుటవరకు లాగుకొనిపోవును. శిరస్త్రాణము కంటికి కనబడినది; జోస్యము కనబడనిది. కనబడనిదే ఎక్కువ పని చేసెను.

ఇందలి సూత్రమును ఒట్రాంటో వెలువడుటకు 7 ఏండ్లకు పూర్వమే ఒకరు చెప్పియుండిరి. వారన్ హేస్టింగ్సుపై 1788లో పార్లమెంటు ఎదుట ఆరంభమైన విచారణలో అభియోగము నడపిన ఎడ్మండ్ బర్క్, అంతకు ఎంతో ముందు, 1757లో, ఉదాత్తతను గూర్చియు సౌందర్యమును గూర్చియు ఒక లక్షణగ్రంథము వ్రాసెను. ఏ వస్తువైనను మిక్కిలి భయంకరము కావలెనన్నచో దానికి అస్పష్టత అవసరమని అందు సిద్ధాంతము చేసెను. అపాయము యొక్క కొలత తెలిసి, కన్ను దానికి అలవాటు పడినతోడనే భయమున చాలభాగము తీరిపోవునని అతని వాదము. చీకటిలో త్రాడును చూచి పామని భ్రమించిన కథ వేదాంతులు చెప్పుచుందురు. దీపము వచ్చినంతనే పాము పోవును. దీపమును ఎప్పుడు తేవలెనో, ఎంతసేపు తేకుండవలెనో ఎరిగినవాడే ఉత్కంఠను నిలుపగల కథకుడు.

ఆ యాలస్యమును శిల్పముగా చేసినది ఆన్ రాడ్‌క్లిఫ్. ఆమె 'ఉడాల్ఫో రహస్యములు' 1794లో 4 సంపుటములుగా వెలువడెను. తలిదండ్రులు పోయిన ఎమిలీ అను కన్యను మేనత్త మగడు మాంటోనీ అపెన్నైన్ పర్వతములందలి తన దుర్గమునకు గొనిపోవును. అందొక గదిలో నల్లని ముసుగు కప్పిన చట్ర మొకటి గోడకు కలదు. ఎమిలీ ధైర్యము చేసి ముసుగు ఎత్తును, చూచును, ముసుగు జారవిడిచి మూర్ఛిల్లును. ఆమె యేమి చూచినదో రచయిత్రి చెప్పదు. ముసుగెత్తినది రెండవ సంపుటమున. అందున్నదేమో తెలియునది నాల్గవ సంపుటము తుదిభాగమున. నడుమనున్న వందలకొలది పుటలందు ప్రతి పాఠకుడును ఆ ముసుగువెనుక తనకు మిక్కిలి వెరపైనదానిని తానే నిలుపుకొనును. రచయిత్రి ఊరకుండెను, పాఠకుడు పనిచేసెను.

రాడ్‌క్లిఫ్ 1823లో మరణించెను. 1826లో ప్రకటింపబడిన ఆమె వ్యాస మొకటి భయమును రెండుగా విభజించినది. ఆంగ్లమున టెర్రర్ అను భీతి ఆత్మను విస్తరింపజేసి సర్వేంద్రియములను మేల్కొలుపును. హారర్ అనునది ఆత్మను ముడుచుకొనజేసి, గడ్డకట్టించి, చంపినంత పని చేయును. మొదటిదానికి అస్పష్టత ప్రాణము; రెండవదానికి అది లేదు. భారతీయ పాఠకునికి ఈ విభాగము క్రొత్తగా తోపదు. భరతుడు భయానకమును, బీభత్సమును వేరువేరు రసములుగా నిలిపి, బీభత్సమునుండి భయానకము పుట్టునని సంబంధమును గూడ చెప్పియున్నాడు. రక్తమాంసములను పుటనిండ చూపినచో పాఠకుడు ముఖము త్రిప్పుకొనును. తలుపు సందున వ్రేలెడు చీకటిని చూపినచో మెడ సాచును.

అయినను రాడ్‌క్లిఫ్ పద్ధతిలో ఒక లోపము కలదు. ముసుగువెనుక నున్నది కుళ్లిన శవమువలె చేసిన మైనపు బొమ్మ. ఆ వంశపు పూర్వుడొకడు ప్రాయశ్చిత్తముగా దానిని రోజును చూడవలసియుండెనట. పాఠకునివద్ద రెండు సంపుటముల కాలము తెచ్చిన బాకీకి ఇది చెల్లింపుగా చాలదు. ఉత్కంఠ యనగా ఋణము. ఎంత యాలస్యమైన అంత వడ్డీ పెరుగును. తీర్చునపుడు కథకుడు తెచ్చిన సొమ్ము సరిపోనిచో పాఠకుడు మోసపోయినట్లు తలచును. అట్టి నవలలు చదివి ప్రతి పెట్టెలోను రహస్యపత్రములను వెదకు పడుచును జేన్ ఆస్టెన్ తన 'నార్తాంగర్ ఆబీ'లో పరిహసించెను. అది 1817 డిసెంబరున అచ్చు వెడలెను. దుర్గములు, ముసుగులు, సొరంగములు అప్పటికి అరిగిపోయిన నాణెములైనవి. భయమునకు క్రొత్త చోటు కావలసివచ్చెను.

ఆ చోటు 1816 వేసవిలో దొరకెను. అంతకు ముందటి సంవత్సరము ఏప్రిల్ మాసమున తూర్పుదీవులందలి సుంబావా ద్వీపమున తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ ధూళి ఆకాశమున నిలిచి 1816లో ఐరోపాకు వేసవియే లేకుండ చేసెను. జినీవా సరస్సు తీరమున బైరన్ కవి యింట వానలకు చిక్కుపడిన మిత్రులు తలకొక దయ్యపు కథ వ్రాయవలెనని పందెము వేసికొనిరి. వారిలో మేరీకి అప్పటికి 18 ఏండ్లు. ఆమె వ్రాసిన 'ఫ్రాంకెన్‌స్టయిన్' 1818 జనవరి 1వ తేదీన, గ్రంథకర్త పేరు లేకుండ, 3 సంపుటములుగా వెలువడెను.

చచ్చిన శరీరభాగములను కూర్చి ప్రాణము పోసిన విద్యార్థి కథ అది. పందెము వలన మాత్రమే పుట్టిన కథ యని తలపరాదు. మేరీకి జన్మనిచ్చిన కొలది దినములకే ఆమె తల్లి మరణించెను. 1815లో మేరీకి నెలలు నిండకుండ పుట్టిన ఆడుశిశువు కొలది దినములే బ్రదికినది. ఆ మార్చి మాసమున ఆమె దినచర్యలో ఒక కల వ్రాసికొనెను. బిడ్డ చావలేదు, చలికి కొయ్యబారినది మాత్రమే. నిప్పుదగ్గర రాచగా మరల బ్రదికినది. మేలుకొని చూచిన బిడ్డ లేదు. పోయినవారు తిరిగి రావలెనను కోరికనుండి ఫ్రాంకెన్‌స్టయిన్ భయము పుట్టినది. అందు నేరస్థుడు రాక్షసుడు కాదు; ప్రాణము పోసి, కన్ను తెరచినంతనే అసహ్యించుకొని పారిపోయిన విద్యార్థి. నౌకాయాత్రికుడు వ్రాసిన లేఖలలో విద్యార్థి కథ, ఆ కథ నడుమ ఆ ప్రాణి తన నోట చెప్పిన కథ పొదిగి యుండును. పెట్టెలో పెట్టె తెరచుచు పోయిన పాఠకునికి కట్టకడపట దొరకునది కోరలు కాదు, ఎవ్వరును దగ్గరకు తీయని ప్రాణి యొక్క ఏడ్పు. భయము కరుణతో చేయి కలిపినది ఇచ్చటనే.

అమెరికాలో ఎడ్గర్ ఆలన్ పో (1809-1849) భయమును ఇంకను లోపలికి త్రోసెను. 1842లో ఒక సమీక్షలో, కథ ఒకే కూర్చుండుటలో చదువదగినదై, ప్రతి వాక్యమును ఒకే ఫలమునకు పనిచేయవలెనని అతడు నియమము చెప్పెను. మరుసటి ఏడు వెలువడిన 'రహస్యము చాటిన హృదయము' ఆ నియమమునకు ఉదాహరణము. ఒకడు వృద్ధుని చంపదలచి 7 రాత్రులు అర్ధరాత్రివేళ గది తలుపు తెరచి, తల లోనికి పెట్టుటకే గంటసేపు తీసికొనును. ఎనిమిదవ రాత్రి చిన్న చప్పుడగును. వృద్ధుడు లేచి ఎవరని కేకవేయును. అటుపై ఇద్దరును చీకటిలో గంటసేపు కదలక యుందురు. ఆ గంటలో జరిగినది ఏమియు లేదు. పాఠకుని ఊపిరి బిగబట్టునది ఆ ఏమియులేనితనమే. హత్య జరిగినది కొలది వాక్యములలో ముగియును. పిమ్మట ముగ్గురు పోలీసులు వచ్చి కూర్చుండగా, నేలపలకల క్రిందినుండి చచ్చినవాని గుండె కొట్టుకొనుచున్నట్లు హంతకునికి మాత్రమే వినబడును. తాను పిచ్చివాడను కానని మొదటి వాక్యము మొదలు సాధించుచున్న వాని నోటనే కథ నడచుటచేత, ఏది నమ్మవలెనో పాఠకునికి తెలియదు. దుర్గమున నుండిన భూతము మనుష్యుని రొమ్ములోనికి కాపురము వచ్చెను. భరతుని పట్టికలోని మొదటి మాటయగు వికృతధ్వనియు తన స్థానము చేరుకొనెను.

1897లో 'డ్రాకులా' వ్రాసిన బ్రామ్ స్టోకర్ ఐర్లండు దేశీయుడు. నాటకశాల నిర్వాహకుడు కాకపూర్వము డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగి. చిన్న న్యాయస్థానముల గుమాస్తాలు నిర్వహింపవలసిన విధులను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము 1879లో అచ్చయ్యెను. దస్తావేజులయందు అతనికి గల ఆ పరిచయము నవలలో అక్కరకు వచ్చినది. డ్రాకులా ఆద్యంతము కాగితముల కట్ట: దినచర్యలు, లేఖలు, తంతివార్తలు, పత్రికల కత్తిరింపులు. తేదీ వేసిన కాగితమునకు గల నమ్మిక యెంతటిదో స్టోకర్ ఎరుగును. అంతకంటె గొప్ప ప్రయోజనము వేరొకటి. ఒక కాగితము వ్రాసినవానికి మరియొక కాగితమున నున్నది తెలియదు; పాఠకునికి రెండును తెలియును. మట్టి నింపిన పెట్టెలు డ్రాకులా దుర్గమునుండి బయలుదేరుట పాఠకుడు ముందే చదివియుండును. తరువాత ఒక ఓడ దినచర్య చేతికి వచ్చును. నావికులు ఒక్కొక్కరుగా మాయమగుచుందురు. కారణము వారెరుగరు. తుదకు చుక్కానికి తన్ను తాను కట్టుకొనిన కప్తాను శవముతో ఓడ రేవు చేరును. ఆ దినచర్యలో డ్రాకులా పేరే లేదు. 27 ప్రకరణముల గ్రంథమున మొదటి నాలుగు దాటిన పిదప అతడు కనబడునది బహుస్వల్పము. కనబడని ప్రతి పుటలోను అతడే యుండును.

ఇక త్రోవ తుద. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ లండను ఓడరేవు ప్రాంతమున పుట్టి, తపాలాశాఖ సేవింగ్సు బ్యాంకిలో గుమాస్తాగా పనిచేసినవాడు. అతని 'కోతి పంజా' 1902లో వెలువడెను. కొన్ని పుటల కథ. ఇంటిలో ముగ్గురే: వృద్ధ దంపతులు, వారి కొడుకు హెర్బర్ట్. భారతదేశమున సైన్యములో పనిచేసి వచ్చిన మిత్రుడొకడు ఎండిన కోతి పంజాను తెచ్చును. ఒక ఫకీరు దానికి మంత్రము వేసినాడట. ముగ్గురు మనుష్యులకు తలకు 3 కోరికలు చెల్లును. మిత్రుడు దానిని నిప్పులో వేయగా తండ్రి పైకి తీసికొనును. ఇంటి బాకీ తీరుటకు 200 పౌనులు కోరుకొమ్మని కొడుకే నవ్వుచు చెప్పును. మరునాడు కర్మాగారమునుండి ఒకడు వచ్చును. హెర్బర్ట్ యంత్రములో పడి మరణించెను. యజమానులు బాధ్యత తమది కాదనియు, అయినను అతని సేవను మన్నించి కొంత సొమ్ము ఇచ్చుచున్నామనియు చెప్పిపంపిరి. ఎంత యని తండ్రి యడుగును. 200 పౌనులు.

నియమము ముందుగా చెప్పుట ఉత్కంఠకు పునాది. భేతాళ కథలలో ఇది తెలుగువారికి చిరపరిచితము. 11వ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరమున వ్రాసిన ఆ కథలలో, శవమును భుజముపై మోయు రాజు నోరు విప్పినచో శవము చెట్టునకు తిరిగిపోవును. ఎరిగియు చెప్పనిచో తల పగులును. ఈ కట్టడి తెలిసియుండుటచేతనే ప్రతి కథాంతమున వినువాడు రాజు పెదవుల వంక చూచును. కోతి పంజాలో కట్టడి మూడు కోరికలు. మొదటిది ఖర్చయినది. రెండు మిగిలినవి.

వారము గడచిన పిదప ఒక రాత్రి తల్లికి స్ఫురించును: కొడుకు మరల బ్రదుకవలెనని కోరవచ్చును గదా! తండ్రి వణకును. యంత్రమున నలిగిన శరీరమును అతడు దుస్తులనుబట్టియే గుర్తించియుండెను. అయినను భార్య మాట కాదనలేక కోరును. ఏమియు జరుగదు. క్రొవ్వువత్తి కొడిగట్టి ఆరిపోవును. గడియారపు చప్పుడు, మెట్టు కిఱ్ఱుమన్న చప్పుడు. అగ్గిపుల్లకై క్రిందికి దిగినవేళ వీధి తలుపుపై మెల్లగా ఒక దెబ్బ. మరల ఒకటి. శ్మశానము రెండు మైళ్ల దూరమున నున్నది. అంతదూరము నడచుటకు ఇంతసేపు పట్టినదని అప్పుడు తల్లికి బోధపడును. ఆమె తలుపువైపు పరుగెత్తును. గొలుసు తీయును. క్రింది గడియ తీయును. పైగడియ అందదు, కుర్చీ ఈడ్చుకొని వచ్చును. తండ్రి చీకటిలో నేలపై తడవుకొనుచు పంజాను వెదకును. దొరకినంతనే మూడవ కోరిక కోరును. చప్పుడు ఆగిపోవును. తలుపు తెరువగా నిర్మానుష్యమైన త్రోవపై వీధిదీపము వెలుగుచుండును.

ఆ మూడవ కోరిక ఏమో జేకబ్స్ వ్రాయలేదు. తలుపు వెనుక నిలిచినది ఏమో చూపలేదు. రాడ్‌క్లిఫ్ నాల్గవ సంపుటమున ముసుగెత్తి మైనపుబొమ్మను చూపి పోగొట్టుకొనినదానిని ఇతడు చూపకుండుటచే దక్కించుకొనెను.

ఆంగ్ల కథకులు పెక్కుమంది భయమునకు దూరదేశములను వెదకిరి. వాల్‌పోల్, రాడ్‌క్లిఫ్ ఇటలీకి పోయిరి. స్టోకర్ ట్రాన్సిల్వేనియాకు పోయెను. జేకబ్స్ భారతదేశపు ఫకీరును పిలిచెను. తమకు తెలియని చోట ఏమైనను జరుగవచ్చునని వారి పాఠకులు నమ్ముదురు. కాని తెలుగు పాఠకునికి ఫకీరు వింతమనిషి కాడు. సంతలోను త్రోవలోను చూచిన మనిషియే. కావున ఆ భాగము అతనిని భయపెట్టదు. అయినను కథ చివర అతని గుండెయు ఆగును. దూరదేశపు వింత తీసివేసిన పిదపను మిగిలిన భయము ఏది? తలుపున కిటువైపు తీయదలచిన తల్లి, తీయనీయని తండ్రి. ఇద్దరిదియు ప్రేమయే. అందుచేతనే ఎవరి పక్షము వహింపవలెనో పాఠకునికి తోచదు. వికృతధ్వని, తనవారి మరణము - భరతుని పట్టికలోని ఆద్యంతములు రెండును ఆ తలుపువద్ద కలిసికొన్నవి.

దయ్యపు కథలు చిన్నవారిని పిరికివారిని చేయునని పెద్దలు కొందరు అట్టి గ్రంథములను అలమరలలో ఉంచవలదందురు. వారి శంక త్రోసివేయదగినది కాదు. నెత్తురును చూపి వెరపించి, చదువరికి జుగుప్స తప్ప మరేమియు మిగిల్పని పుస్తకములు కలవు; అవి లేకున్నను లోటు లేదు. కాని 138 ఏండ్ల ఈ చరిత్రలో నిలిచిన కథలు అట్టివి కావు. ఏది పోవునో యని భయపడుటకు ముందు, ఏది తనదో మనిషి ఎరుగవలెను. మేరీ కలలోని బిడ్డయు, కుర్చీ యీడ్చుకొనివచ్చిన తల్లియు దానిని నేర్పుదురు. అట్టి కథ ముగించి రాత్రి పుస్తకము మూసినవాడు లేచి వీధితలుపు గడియ చూచుకొనును. అంతటితో పడుకొనడు; లోనికి పోయి, నిద్రించుచున్న పిల్లలపై దుప్పటి సరిగా నున్నదో లేదో అదియు చూచుకొనును.